ఫోర్ వీల్ డ్రైవ్ బండికి స్నో చైన్లు: కొనే ముందు ఏం కొలవాలి, ఏ వరుసలో బిగించాలి

థాంక్స్‌గివింగ్ దగ్గర పడగానే ఏటా ఇదే ప్రశ్న వస్తుంది. "మాది ఫోర్ వీల్ డ్రైవే కదా, అయినా చైన్లు కొనాలా? కొంటే ఏవి కొనాలి?" మంచు రోడ్డు మీద పట్టు దొరకడానికి టైరు చుట్టూ బిగించే గొలుసులే ఈ చైన్లు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే మొత్తం వరుసగా రాసి పెడితే అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నేను ఉండేది కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో. చలికాలంలో మంచు కొండల్లో ఉన్న లేక్ టాహోకి ఐ-80 హైవే మీదో యూఎస్-50 హైవే మీదో వెళ్తుంటాం. అందుకే కింద చెప్పిన నిబంధనలు కాలిఫోర్నియావి. సియాటెల్, డెన్వర్ వైపు ఉన్నవాళ్ళు తమ రాష్ట్ర నిబంధనలు విడిగా చూసుకోండి. కొలతలు, బిగించే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

1. ముందు ఒక అపోహ వదిలేయండి

ఫోర్ వీల్ డ్రైవ్ అంటే ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందడం. మంచులో బండి కదలడానికి, ఎత్తు ఎక్కడానికి అది బాగా సాయం చేస్తుంది. బండిని ఆపడంలో మాత్రం దాని పాత్ర ఏమీ లేదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. గడ్డకట్టిన రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు బండి ఆగేది టైరుకు దొరికిన పట్టుతోనే.

ఎక్కేటప్పుడు ఇబ్బంది లేకపోవడం వల్ల ధైర్యం వచ్చి, దిగేటప్పుడు జారిపోయే బండ్లలో ఫోర్ వీల్ డ్రైవ్‌వి చాలానే ఉంటాయి. ఐ-80 మీద డోనర్ సమ్మిట్ ఎత్తు 7,239 అడుగులు, యూఎస్-50 మీద ఎకో సమ్మిట్ ఎత్తు 7,382 అడుగులు. ఎక్కినదంతా మళ్ళీ దిగాలని గుర్తుంచుకోండి.

ఇక నిబంధనల సంగతి. కాల్‌ట్రాన్స్ (కాలిఫోర్నియా రవాణా శాఖ) వాళ్ళు మంచు రోడ్లకు మూడు స్థాయిలు పెట్టారు.

- ఆర్1: చైన్లు తప్పనిసరి. స్నో టైర్లున్న మామూలు కార్లకు, తేలికపాటి ట్రక్కులకు మినహాయింపు ఉంటుంది, కానీ చైన్లు బండిలో ఉండాలి.
- ఆర్2: అన్ని బండ్లకూ చైన్లు తప్పనిసరి. నాలుగు చక్రాలకూ స్నో టైర్లున్న ఫోర్ వీల్, ఆల్ వీల్ డ్రైవ్ బండ్లకు మాత్రమే మినహాయింపు. వాళ్ళు కూడా చైన్లు వెంట పెట్టుకోవాల్సిందే.
- ఆర్3: మినహాయింపు ఎవరికీ లేదు. ఆర్3 పెట్టేదాకా రాకుండానే చాలాసార్లు రోడ్డే మూసేస్తారు.

ఆర్2లో చాలామంది సగం మాటే వింటారు. "ఫోర్ వీల్ డ్రైవ్‌కి అక్కర్లేదట" అని బయలుదేరతారు. చెక్‌పోస్టు దగ్గర టైర్లు చూసి, చైన్లేవని అడిగితే వెనక్కి తిరగాల్సి వస్తుంది.

స్నో టైరు అని గుర్తించడానికి సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీద "ఎం ప్లస్ ఎస్" అక్షరాలో, మూడు శిఖరాల కొండలో మంచు రేకు బొమ్మో ఉండాలి. ట్రెడ్ (నేలకు తగిలే గాళ్ళున్న భాగం) లోతు అంగుళంలో 32 భాగాలకు 6 భాగాలైనా ఉండాలి, అంటే దాదాపు 4.8 మిల్లీమీటర్లు. అరిగిపోయిన టైరు మీద ఎన్ని గుర్తులున్నా అది లెక్కలోకి రాదు. ట్రెడ్ కొలిచే చిన్న గేజ్ ఆటో విడిభాగాల షాపులో చవకగానే దొరుకుతుంది.

2. షాపుకు వెళ్ళే ముందు మాన్యువల్ తెరవండి

బండితో వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో టైర్ చైన్ల గురించి ఒక భాగం ఉంటుంది. డ్యాష్‌బోర్డు అరలో పుస్తకం లేకపోతే కంపెనీ సైట్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది. అందులో ఈ నాలుగు విషయాలు వెతికి ఒక కాగితం మీద రాసుకోండి.

- ఈ బండికి చైన్లు వేయొచ్చా? కొన్ని పెద్ద రిమ్ములకు అసలు వద్దని రాస్తారు.
- వేస్తే ముందు చక్రాలకా, వెనక చక్రాలకా?
- ఏ టైరు సైజుకు అనుమతి ఉంది?
- చైను ఎంత మందం వరకు ఉండొచ్చు, లేదా ఏ క్లాస్‌ది వాడాలి? (క్లాసుల సంగతి నాలుగో అంచెలో ఉంది.)

ఏ చక్రాలకు వేయాలన్నది ఊహించే విషయం కాదు. సుబారు ఫారెస్టర్‌కి నాలుగు చక్రాలకూ బలం అందినా, చైన్లు ముందు చక్రాలకే వేయమంటారు. టెస్లా మోడల్ వైకి వెనక చక్రాలకే. పక్కింటివాళ్ళ బండికి ముందు వేశారని మీరూ ముందే వేయకండి.

బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేయించినా, కంపెనీ ఇచ్చినదానికంటే పెద్ద టైర్లు ఎక్కించినా మాన్యువల్‌లోని కొలతలు ఇక వర్తించవు. అప్పుడు నాలుగో అంచెలో చెప్పిన కొలతే మీకు ఆధారం.

3. టైరు సైజు టైరు మీదే చదవండి

సైడ్‌వాల్ మీద 225/65 ఆర్17 లాంటి సంఖ్య ఉంటుంది. 225 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం సైడ్‌వాల్ ఎత్తు. 17 అంటే రిమ్ వ్యాసం, అంగుళాల్లో. చైన్ డబ్బా మీద ఈ మూడూ కలిసిన సంఖ్య యథాతథంగా ఉండాలి.

బండి పేరు చూసి కొనకండి. ఈ తప్పు నేనే చేశాను. మా బావ తన టయోటా రావ్4 కారు అమ్మేస్తూ చైన్లు నాకిచ్చాడు. నాదీ రావ్4 కదా అని డబ్బా తెరవకుండానే డిక్కీలో పడేశాను. ఆ డిసెంబరు రాత్రి ఐ-80 మీద న్యాక్ దగ్గర చైన్లు వేయమన్నారు. అరగంట తంటాలు పడ్డా లోపలి కొక్కెం అందలేదు. ఆయన బండివి 225/65 ఆర్17 టైర్లు, నావి 235/55 ఆర్19. లెక్క వేస్తే చుట్టుకొలతలో తేడా ఐదు సెంటీమీటర్లు, అంటే రెండంగుళాలు. వెనక సీట్లో పిల్లలు, చేతులు మొద్దుబారిపోయి నేను. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఆబర్న్ దాకా వెనక్కి దిగి, హోటల్‌లో ఆ రాత్రి గడిపాం.

ఒకే మోడల్ బండి 17, 18, 19 అంగుళాల రిమ్ములతో వస్తుంది. సెకండ్ హ్యాండ్ బండైతే పాత యజమాని టైర్లు మార్చి ఉండొచ్చు. అందుకే డోర్ స్టిక్కర్ మీద ఉన్నది కాదు, ఇప్పుడు బండికున్న టైరు మీద ఉన్నది చదవండి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

4. లోపలి ఖాళీ కొలవండి

చాలామంది వదిలేసే అంచె ఇదే. చైను టైరుకు సరిపోవడం ఒక ఎత్తు, టైరు వెనకున్న భాగాలకు తగలకుండా తిరగడం ఇంకో ఎత్తు. టైరు లోపలి వైపు స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు కడ్డీ), బ్రేక్ గొట్టం, ఏబీఎస్ సెన్సర్ తీగ ఉంటాయి. లావుపాటి చైను వాటికి తగిలితే కొత్త చైన్ల ఖరీదు కంటే రిపేరు ఖర్చు చాలా ఎక్కువవుతుంది.

అమెరికాలో చైన్లను ఎంత ఖాళీ కావాలో దాన్నిబట్టి మూడు క్లాసులుగా అమ్ముతారు.

- క్లాస్ ఎస్: ట్రెడ్ పైన కనీసం 37 మిల్లీమీటర్లు, లోపలి సైడ్‌వాల్ పక్కన 15 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి.
- క్లాస్ యూ: ట్రెడ్ పైన 50, పక్కన 23.
- క్లాస్ డబ్ల్యూ: ట్రెడ్ పైన 64, పక్కన 38.

కొలిచే పద్ధతి ఇది.

1. సమతలంగా ఉన్న చోట బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, పార్కింగ్ బ్రేకు వేయండి.
2. 15 మిల్లీమీటర్ల మందమున్న చెక్క ముక్క ఒకటి, 37 మిల్లీమీటర్లది ఒకటి సిద్ధం చేసుకోండి. చెక్క లేకపోతే అట్టలు ఒకదాని మీద ఒకటి అతికించండి.
3. చైన్లు వేయాల్సిన చక్రం లోపలి వైపు, టైరుకు స్ట్రట్ బాగా దగ్గరగా వచ్చే చోట సన్న ముక్క దూర్చి చూడండి. కనపడకపోతే ఫోన్ టార్చి వేసి వీడియో తీయండి.
4. టైరు పైన, స్ప్రింగ్ పళ్ళెంకీ ట్రెడ్‌కీ మధ్య లావు ముక్క పెట్టి చూడండి.
5. ముందు చక్రాలైతే స్టీరింగ్ పూర్తిగా ఎడమకు, తర్వాత పూర్తిగా కుడికి తిప్పి మళ్ళీ కొలవండి.

ముక్క బిగుతుగా దూరితే సరిపోయిందనుకోకండి. గుంతలో పడ్డప్పుడు సస్పెన్షన్ కిందికి నొక్కుకుని ఖాళీ తగ్గుతుంది. సులువుగా అటూ ఇటూ కదలాలి. మీ కొలత, మాన్యువల్ వేరువేరుగా చెబితే రెండింటిలో ఏది తక్కువ మందం అంటే దాన్నే పాటించండి.

5. ఇప్పుడు రకం ఎంచుకోండి

కేబుల్ చైన్లు. ఉక్కు తీగ మీద చిన్న గొట్టాలు ఎక్కించినట్టుంటాయి. సన్నగా, తేలికగా ఉంటాయి కాబట్టి ఖాళీ తక్కువున్న బండ్లకు ఇవే సులువైన దారి. గట్టి ఐసు మీద లింకు చైన్లంత పట్టు ఉండదు. మంచు లేని తారు రోడ్డు మీద నడిపితే తొందరగా తెగుతాయి.

నిచ్చెన రకం. టైరుకు అడ్డంగా మెట్ల వరుసలా గొలుసులుంటాయి. లోతు మంచులో ముందుకు లాగే శక్తి బాగుంటుంది. పక్కకు జారకుండా ఆపడంలో కొంచెం వెనకబడతాయి, బండి బాగా అదురుతుంది.

డైమండ్ రకం. గొలుసులు ఏటవాలుగా అల్లుకుని ఉంటాయి. చక్రం ఎంత తిరిగినా ఎక్కడో ఒక లింకు నేలను పట్టుకునే ఉంటుంది. మలుపుల్లో పట్టు బాగుంటుంది, అదురు తక్కువ. ధర ఎక్కువ. ఇందులో సన్న లింకులతో క్లాస్ ఎస్‌కి సరిపోయేవీ దొరుకుతాయి.

గుడ్డ తొడుగులు. టైరుకు సాక్సు తొడిగినట్టు. చాలా తేలిక, తొడగడం సులువు. మంచు లేని రోడ్డు తగిలితే త్వరగా చిరుగుతాయి. కొనేముందు మీ రాష్ట్రం వీటిని చైన్లకు బదులుగా ఒప్పుకుంటుందో లేదో తప్పకుండా చూడండి.

నా సలహా అడిగితే, ఫారెస్టర్, రావ్4, సీఆర్-వీ లాంటి బండ్లలో ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్ళేవాళ్ళకు క్లాస్ ఎస్ కేబుల్ చాలు. ప్రతి రెండు వారాలకూ స్కీయింగ్‌కి వెళ్ళేవాళ్ళు సన్న లింకుల డైమండ్ కొనండి, ఆ తేడా డబ్బు వృథా కాదు. ఫోర్‌రన్నర్, టకోమా, రాంగ్లర్ లాంటి ఎత్తు బండ్లకు సాధారణంగా ఖాళీ ఎక్కువే ఉంటుంది. మాన్యువల్ ఒప్పుకుంటే వాటికి కేబుల్ జోలికి వెళ్ళకుండా లింకు చైన్లే తీసుకోండి, బరువైన బండికి ఆ గట్టితనం అవసరం.

6. రెండా, నాలుగా?

ఒక డబ్బాలో రెండే ఉంటాయి. నిబంధన తీరడానికి సాధారణంగా ఒక ఇరుసుకు వేస్తే సరిపోతుంది. కానీ బండి నడత మారుతుంది. ముందు చక్రాలకే చైన్లుంటే దిగుడులో బ్రేకు వేసినప్పుడు తోక పక్కకు తిరుగుతుంది. వెనక చక్రాలకే ఉంటే ముందు చక్రాలు స్టీరింగ్ మాట వినకుండా నేరుగా జారతాయి.

మాన్యువల్ నాలుగింటికీ ఒప్పుకుంటే, మీరు వెళ్ళే దారిలో పొడవాటి దిగుడు ఉంటే, రెండో జత కొనడం మేలు. ఒక్క ఇరుసుకే అనుమతి ఉంటే అంతటితో ఆగండి. మిగతాది వేగం తగ్గించి సర్దుకోవాలి.

7. ఇంటి దగ్గరే ఒకసారి వేసి తీయండి

కొన్న వారంలోపే, ఎండగా ఉన్న రోజు డ్రైవ్‌వేలో రెండు చక్రాలకూ వేసి చూడండి. ఒక బండి పొడవు మాత్రం మెల్లగా ముందుకు కదిలించి, తగులుతున్న చప్పుడు ఉందేమో వినండి. అంతకు మించి తారు మీద నడపకండి. తర్వాత తీసేయండి. రెండోసారి చేతికి గ్లవ్స్ తొడుక్కుని వేయండి, మంచులో చేయబోయేది అలాగే కాబట్టి.

సరిపోకపోతే అప్పుడే మార్చుకోవచ్చు. రసీదు దాచండి, తిరిగి ఇచ్చే షరతులు కొనేటప్పుడే అడగండి. వాడని చైన్లను సీజను చివర వెనక్కి తీసుకునే టైర్ షాపులూ ఉన్నాయి.

అద్దె కారులో వెళ్తుంటే ముందు ఒప్పంద పత్రం చదవండి. చైన్లు వేయకూడదనే షరతు చాలా అద్దె కంపెనీలు పెడతాయి.

చైన్లతో పాటు డిక్కీలో ఉండాల్సినవి:

- నీళ్ళు లోపలికి రాని గ్లవ్స్, రెండు జతలు
- తలకు కట్టుకునే లైటు
- మోకాళ్ళ కింద వేసుకోవడానికి పాత యోగా మ్యాట్
- మెరిసే పట్టీలున్న జాకెట్
- చిన్న పార
- చైన్ బిగించే రబ్బరు పట్టీలు (మీ చైన్ల రకానికి అవసరమైతే)
- జిప్ టైలు (ఒకసారి లాగి బిగించే ప్లాస్టిక్ కట్లు), కటింగ్ ప్లయర్
- తడి చైన్లు వేసుకోవడానికి ప్లాస్టిక్ డబ్బా, పాత తువ్వాలు
- దుప్పట్లు, మంచినీళ్ళు, పిల్లలకు తినడానికి ఏదైనా

చైన్లు సామాన్ల అడుగున పెట్టకండి. అవి అవసరమయ్యేసరికి బయట మంచు పడుతుంటుంది, సూట్‌కేసులన్నీ రోడ్డు మీద దించాల్సి వస్తుంది.

8. రోడ్డు మీద బిగించే వరుస

బయలుదేరే ముందు కాల్‌ట్రాన్స్ వాళ్ళ ఆన్‌లైన్ మ్యాప్ క్విక్‌మ్యాప్‌లో చైన్ కంట్రోల్ (చైన్ల నిబంధన అమలయ్యే భాగం) ఎక్కడ మొదలైందో చూడండి. వాతావరణాన్నిబట్టి ఆ చోటు గంటగంటకూ పైకీ కిందికీ జరుగుతుంది.

1. "చైన్లు తప్పనిసరి" బోర్డు కనపడగానే రోడ్డు పక్కన కేటాయించిన చోటులోనే ఆపండి. మలుపులో, లేన్‌లో ఆపొద్దు. బ్లింకర్లు వేసి, గేరు పార్క్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేకు వేయండి. చక్రాలు నేరుగా ఉండాలి.
2. చైను నేల మీద పరిచి మెలికలు విప్పండి. కొక్కేల తెరిచిన వైపు టైరుకు కాకుండా బయటికి ఉండాలి, లేదంటే సైడ్‌వాల్‌ను కోస్తాయి.
3. టైరు మీదుగా కప్పి, రెండు వైపులా సమానంగా సర్దండి. బిరుసు తీగ వలయం ఉన్న రకమైతే దాన్ని టైరు వెనకనుంచి దూర్చి పైకి తెచ్చి కలపాలి.
4. ముందు లోపలి కొక్కెం, తర్వాతే బయటిది. ఈ వరుస తప్పితే మళ్ళీ మొదటికి రావాలి.
5. రెండో చక్రానికీ ఇలాగే వేయండి.
6. బండిని అర మీటరు ముందుకు జరిపి ఆపండి. టైరు కింద చిక్కుకున్న భాగం బయటికొస్తుంది. ఇప్పుడు మళ్ళీ లాగి బిగించండి.
7. రబ్బరు పట్టీ తగిలించండి. తనంతట తానే బిగుసుకునే రకాలకు కొన్నింటికి ఇది వద్దంటారు, డబ్బా మీద చూడండి.
8. ఒక వంద మీటర్లు మెల్లగా నడిపి, సురక్షితమైన చోట ఆపి, వదులైందేమో చూసి మళ్ళీ బిగించండి. ఈ చివరి ఆపు ఎంత విసుగనిపించినా మానకండి.

మీ చేత కాకపోతే డబ్బు తీసుకుని వేసిపెట్టే ఇన్‌స్టాలర్లు దారి పక్కన ఉంటారు. వాళ్ళ బ్యాడ్జి నంబరు రాసుకోండి. వాళ్ళు చైన్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు కాబట్టి చైన్లు మీ దగ్గరే ఉండాలి.

పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ (కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకూ బలం ఇచ్చే) బండైతే మంచు మీద 4హెచ్‌లో (ఫోర్ వీల్ హై) పెట్టండి. చైన్ కంట్రోల్ ఉన్న చోట వేగ పరిమితి 25 లేదా 30 మైళ్ళే. డబ్బా మీద ఇంకా తక్కువ రాసి ఉంటే అదే మీ పరిమితి.

9. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే మార్గం

టప్ టప్ మని చప్పుడు. చైను వదులై ఫెండర్‌కు (చక్రం పైనుండే రేకుకు) కొడుతోంది. "కొంచెం దూరమేగా" అనుకోకుండా వెంటనే పక్కకు తీసి బిగించండి.

అడ్డ గొలుసు తెగింది. వేలాడే ముక్కను జిప్ టైతో పక్క గొలుసుకు కట్టి, మెల్లగా తర్వాతి ఆగే చోటుకు వెళ్ళి ఆ చైను తీసేయండి. పైనింకా ఎక్కాల్సి ఉంటే, ఒక చక్రానికి చైనుతో, ఇంకో చక్రానికి లేకుండా సాగకండి.

చైను జారి లోపల ఇరుసుకు చుట్టుకుంది. బండి కదిలించొద్దు. ఇంజిన్ ఆపి, కట్ చేసైనా తీయండి. బ్రేక్ గొట్టం తెగిందేమో చూసుకోకుండా నడపకూడదు.

బిగించడానికి గాలి తీయడం, జాకీ ఎత్తడం. రెండూ వద్దు. గాలి తీసి బిగిస్తే తర్వాత కొలతంతా మారుతుంది. మంచు మీద జాకీ జారి బండి మీ మీద పడే ప్రమాదం ఉంది.

చక్రం ఉన్నచోటే తిరుగుతోంది. యాక్సిలరేటర్ ఇంకా తొక్కితే చైను తెగి ఎగిరి పడుతుంది. ఆపి, చక్రాల ముందు మంచు తవ్వి, మెల్లగా కదలండి. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారి తిరగకుండా చూసే ఏర్పాటు) ఇంజిన్ బలాన్ని మరీ తగ్గిస్తుంటే, మాన్యువల్‌లో చెప్పినట్టు కదిలే వరకూ ఆపి మళ్ళీ పెట్టుకోండి.

10. మనాలి, గుల్‌మార్గ్ వెళ్ళేవాళ్ళకు

థార్, జిమ్నీ వేసుకుని హైదరాబాద్ నుంచి వెళ్ళే స్నేహితులూ అడుగుతున్నారు. మంచు పడినప్పుడు సోలంగ్, అటల్ టన్నెల్ వైపు ఫోర్ బై ఫోర్ బండ్లనే వదలడం మామూలు. గుల్‌మార్గ్ ఎక్కే ముందు వచ్చే టంగ్‌మార్గ్‌లో చైన్లు అద్దెకు దొరుకుతాయి. అద్దె చైన్లు తీసుకునేటప్పుడు కూడా సైజు మీరే చూసుకోండి. జిమ్నీది 195/80 ఆర్15, థార్‌ది వేరియంట్‌ను బట్టి 245/75 ఆర్16 లేదా 255/65 ఆర్18. జిమ్నీకి సరిపోయే చైను థార్‌కు రాదు. అరిగి సన్నబడిన లింకులుంటే వేరేది అడగండి.

11. తీయడం, దాచడం

"చైన్ కంట్రోల్ ముగిసింది" అన్న బోర్డు దాటాక, తీయడానికి కేటాయించిన చోట ఆపి తీసేయండి. ముందు రబ్బరు పట్టీ, తర్వాత బయటి కొక్కెం, చివర లోపలిది. చైను నేల మీద పరుచుకున్నాక బండిని దాని మీదనుంచి ముందుకు తీయండి.

ఇంటికొచ్చిన రోజే వేడినీళ్ళతో కడగండి, రోడ్డు మీద చల్లిన ఉప్పు వల్ల తుప్పు త్వరగా పడుతుంది. ఒక రోజు వేలాడదీసి పూర్తిగా ఆరాక, ప్రతి లింకునూ వేళ్ళతో తడిమి చూడండి. సగం అరిగిన లింకు, పోగులు లేచిన కేబుల్ కనపడితే ఆ జత ఇక వాడొద్దు. బాగున్నవాటిని మెలిక లేకుండా మడిచి డబ్బాలో పెట్టి, మూత మీద టైరు సైజు, ఏ చక్రాలకు వేయాలో పెద్ద అక్షరాలతో రాయండి. టైర్లు మార్చిన రోజు ఆ మూత మీద రాసింది మళ్ళీ సరిచూడండి.